తొమ్మిదేళ్ళ గాజులు

పోయినవారం సుందరవల్లిని డాక్టర్ వకుళాదేవి ఆసుపత్రి మెట్ల మీద నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. వారం రోజులు నిలబెట్టడం అన్యాయమే. పాపం, ఆమె ఎవరి జోలికీ పోయే మనిషి కాదు. తిరుపతిలో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పుకుంటూ, దేవస్థానం ఆఫీసులో గుమాస్తాగా ఉన్న భర్త సంపత్కుమార్‌కి వేళకి క్యారియర్ కట్టిస్తూ, ముప్పై ఆరేళ్ళ వయసులో తన మానాన తాను బతుకుతోంది. ఈమధ్య తరగతిలో రెండు కొసల్లో కూర్చున్న పిల్లలు చెయ్యెత్తితే కనిపించడం లేదు. కళ్ళద్దాలు మార్చింది. ఫలితం లేకపోయేసరికి డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

డాక్టరమ్మ ఆమె కళ్ళకంటే చేతుల్ని ఎక్కువసేపు చూసింది. చేతులూ పాదాలూ ఏమైనా పెరిగాయా అని అడిగింది. సుందరవల్లికి నవ్వొచ్చింది. పెళ్ళప్పుడు తన గాజుల సైజు రెండు నాలుగు, ఇప్పుడూ రెండు నాలుగే అని చెప్పింది. నెలకొక శనివారం అలిపిరి నుంచి చెప్పుల్లేకుండా కొండెక్కే మొక్కు ఉంది కాబట్టి పాదాలు కాస్త పరుచుకున్నాయని, అది ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతేనని చెప్పింది. డాక్టరమ్మ కాగితం మీద ‘మార్పు లేదు’ అని రాసి, ఆరునెలల తర్వాత రమ్మని పంపేసింది.

పంపేసిన మనిషి మళ్ళీ మెట్ల దాకా పరుగెత్తుకొచ్చి అడిగింది.

“మీకు గాజులు తొడిగేది ఎవరు?”

కథ అక్కడ ఆగింది. ఇప్పుడు సుందరవల్లి చేత జవాబు చెప్పిద్దాం.

“తిరుచానూరులో కుప్పమ్మ. ఎందుకు డాక్టరుగారూ?”

“రేపు శనివారం మీకు ఒంటిపూట బడి కదా. నన్ను అక్కడికి తీసుకెళ్ళండి. మీవారినీ రమ్మనండి.”

* * *

మధ్యాహ్నం రెండు గంటలకి తిరుచానూరు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. పూలమ్మేవాళ్ళు తడిగుడ్డలు కప్పి కునుకు తీస్తుంటారు. యాత్రికులు లాడ్జీల వరండాల్లో పులిహోర పొట్లాలు విప్పుకుని కూర్చుంటారు. ఆ సందులోనే, పూలంగళ్ళ చివర, కుప్పమ్మ గాజులంగడి. నాలుగు చెక్కలు, ఒక బల్ల, గోడ నిండా గాజులు. అరవై దాటిన కుప్పమ్మ మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టదు. చెయ్యి పట్టుకుని గుర్తుపడుతుంది.

“రా టీచరమ్మా, వరలక్ష్మీ వ్రతం అయిపోయి పదిదినాలు కాలేదే, అప్పుడే గాజులు పోయినాయా?” అంది సుందరవల్లి చెయ్యందుకుంటూ.

“గాజులకి కాదు కుప్పమ్మా. ఈమె డాక్టరమ్మ. నీతో ఏదో మాట్లాడాలంట.”

వకుళాదేవి ముక్కాలిపీట మీద కూర్చుంది. వయసు ముప్పై ఉండొచ్చు. చిత్తూరు పిల్ల, మద్రాసులో చదువుకుని వచ్చి సంవత్సరమే అయింది. మాటలేమీ పెంచకుండా తన చేతి గాజు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

“అవ్వా, ఇది రెండు నాలుగు. నేనే సైజు చూసి కొనుక్కున్నాను. టీచరమ్మ చేతిది కూడా రెండు నాలుగే అంటున్నారు. ఒకటి తీసి ఇస్తావా?”

సబ్బునీళ్ళ గిన్నె వైపు చాచిన కుప్పమ్మ చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఆమె డాక్టరమ్మ వైపు చూసి, వాళ్ళ వెంట వచ్చి పక్కన నిలబడ్డ సంపత్కుమార్ వైపు చూసి, చివరికి తల వంచుకుని గాజు తీసి ఇచ్చింది. వకుళాదేవి ఆ గాజుని నిలువుగా పట్టుకుని, తన గాజుని అందులోంచి వదిలింది. ఒక రెండు నాలుగులోంచి ఇంకో రెండు నాలుగు ఎక్కడా ఒరుసుకోకుండా జారి బల్ల మీద పడింది.

సుందరవల్లి ఆ రెండు గాజుల్నీ చేతిలోకి తీసుకుని పక్కపక్కన పెట్టి చూసింది.

“కుప్పమ్మా, ఇదేం సైజు?”

“రెండు పది తల్లీ.”

“నాతో రెండు నాలుగు అంటివే.”

“అంటిని. తొమ్మిదేండ్లుగా అంటానే ఉండాను.” కుప్పమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “మాయమ్మ నేర్పిన పాఠం అది. గాజులు తొడిగేటప్పుడు ఆడబిడ్డతో నీ సెయ్యి లావైంది అని అనకూడదు. అన్నామంటే సెయ్యి బిగుసుకుంటాది. బిగుసుకున్న సేతికి గాజు ఎక్కదు, పగిలి సెయ్యి కోసుకుంటాది. పండగపూట గాజు పగిలితే ఆ ఆడమనిసి ఏడాదంతా బయపడతాది. అందుకని ఎవురొచ్చినా పోయినేటి సైజే సెప్తాం. అందురూ నవ్వతా పోతారు. లావయ్యేది, సన్నబడేది అందురికీ ఉండేదే కదా.”

“మరి ఈమెది కూడా అట్లాంటిదేనా?” అని డాక్టరమ్మ అడిగింది.

“కాదమ్మా. ఈమెది కండ కాదు, ఎముక.”

“ఎట్లా తెలిసింది అవ్వా?”

“కండైతే నొక్కితే లోనికి పోతాది. ఈడ సూడు, బొటనేలి కింద ఈ మెటిక. దీన్ని ఎంత నొక్కినా పోదు. ఏటేటా కొంచెం కొంచెం పెరగతా ఉండాది. నా ఏళ్ళకు తెలస్తానే ఉండాది. నోరే రాలేదు.”

అయిదున్నరేళ్ళు వైద్యం చదివి, పైన ఇంకో మూడేళ్ళు చదివిన వకుళాదేవి ఆ మెటికని తానూ నొక్కి చూసి, ‘నిజమే’ అన్నట్టు తలూపింది. నిన్న ఇదే చేతిని పావుగంటసేపు చూసి ‘మార్పు లేదు’ అని రాసింది ఈమే. పెద్ద చదువులకి కూడా అప్పుడప్పుడూ ఒక గాజులంగడి అవసరం పడుతుంది.

సుందరవల్లికి కోపం వచ్చింది. మామూలుగా రాదు, వస్తే గొంతు తగ్గుతుంది. అసలే నాలుగైదేళ్ళుగా గొంతు బొంగురుపోయి ఉంది. జలుబు అనుకుంటూ మిరియాల పాలు తాగుతోంది.

“అబద్ధం చెప్పిన పిల్లల్ని నేను బెంచీ ఎక్కిస్తాను. నిన్న డాక్టరు ముందర కూర్చుని నేనే అబద్ధం చెప్పినాను. నాకు తెలీకుండా నా నోట చెప్పించినావు కుప్పమ్మా. పెళ్ళినాటి బంగారు గాజులు ఉండుంటే అవన్నా నిజం చెప్పేవి. అవి ఆడబిడ్డ పెళ్ళికి ఇచ్చేస్తిమి.” అంటూనే భర్త వైపు తిరిగింది. సంపత్కుమార్ ఎదురుగా ఉన్న లాడ్జి బోర్డుని, అందులో చదవడానికి పురాణం ఏదో ఉన్నట్టు, తదేకంగా చూస్తున్నాడు. పదమూడేళ్ళ కాపురంలో ఆ చూపు ఆమెకి తెలియనిది కాదు.

“ఏమండీ, మీకు తెలుసా?”

“ఏంది?”

“నా చెప్పుల సైజు ఎంత?”

ఆయన చూపు బోర్డు మీంచి ఆమె పాదాల మీదికి దిగింది.

“తొమ్మిది,” అన్నాడు. “మగవాళ్ళ తొమ్మిది. గాంధీరోడ్డు అంగట్లో చెప్పి పూలపట్టీ కుట్టిస్తా ఉండాను.”

“అడుగున ఆరు అని ఉంటుందే?”

“అది నేనే బ్లేడుతో గీకి, పెన్నుతో రాస్తా ఉండాను.”

కుప్పమ్మ గబుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సంపత్కుమార్ ఇంక ఆగలేదు. ఆఫీసులో నలుగురి ముందు పెదవి విప్పని మనిషి, సందులో గాజులంగడి ముందు నిలబడి మాట్లాడాడు.

“నాలుగేళ్ళ కిందట ఒకనాడు ఆఫీసు నుంచి వస్తే, నువ్వు గోడకుండే అద్దాన్ని వెనక్కి తిప్పి పెట్టినావు వల్లీ. గుర్తుందా? నేను ఎందుకని అడగలేదు. నువ్వూ చెప్పలేదు. నీ ముఖం మారతా ఉండాదని నాకు తెలుసు, నీకూ తెలుసు. నేను ఒక్కమాట అంటే నువ్వు ఆ రోజంతా అన్నం తినవు. అందుకని చెప్పుల మీద నంబరు గీకినాను. అంతకంటే ఏం చేయాలో నాకు తెలీలేదు.”

సుందరవల్లి బల్ల పట్టుకుని నిలబడింది. ఇన్నాళ్ళూ ఆ దిగులు తన ఒక్కదానిదే అనుకుంది. దవడ ముందుకొస్తోందని, పళ్ళ మధ్య సందులు పడుతున్నాయని, పెదవులు మందమవుతున్నాయని తాను మాత్రమే చూస్తున్నాననుకుంది. దేవుడు తనని అనాకారిగా ఎందుకు మారుస్తున్నాడని కొండ మెట్ల మీద ఎన్నో శనివారాలు ఏడ్చింది. పక్కనే నడిచే మనిషి ఆ ఏడుపు విని, విననట్టు మంచినీళ్ళ చెంబు అందించేవాడు. కోపం ఎక్కడికి పోయిందో పోయింది. ఆయన మీద జాలి, తన మీద జాలి, ఏదో చెప్పలేని ప్రేమ కలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వకుళాదేవి వాళ్ళని కాసేపు వదిలేసి తర్వాత నెమ్మదిగా అంది.

“ఇప్పుడు నా మాట వినండి. నేను భయపెట్టడానికి రాలేదు. మీ చేతులు పెరగలేదంటే నాకు మీ రోగమేమిటో తెలీదు. పెరిగినాయంటే దానికి పేరుంది. పేరున్న రోగానికి వైద్యం కూడా ఉంది.”

ఆమె కుప్పమ్మని అడిగి రెండు దారాలు, ఒక పూస తీసుకుంది. దారాల్ని బల్ల మీద ఇంటూ గుర్తులా ఒకదాని మీద ఒకటి వేసి, అవి కలిసేచోట కింద పూస పెట్టింది.

“ముక్కుకి వెనకాల, మెదడు కింద, శనగగింజంత గ్రంథి ఉంటుంది. మీ పుస్తకాల్లో పీయూష గ్రంథి అని రాస్తారు. మనిషి ఎదగడానికి కావలసిన రసాన్ని ఇచ్చేది అదే. దాని మీద చిన్న గడ్డ లేచి ఆ రసాన్ని అదేపనిగా వదులుతోంది. పెద్దవాళ్ళు కదా, పొడవు పెరగరు. చేతులు, పాదాలు, దవడ పెరుగుతాయి, గొంతు బొంగురుపోతుంది. ఇది మీరు చేసిన పాపమూ కాదు, కొండ మెట్ల తప్పూ కాదు. నడిస్తే పాదాలు అరుగుతాయి గానీ పెరగవు.”

“కళ్ళకేమైంది మరి?” అన్నాడు సంపత్కుమార్.

“ఈ దారాలు కంటి నరాలు. గ్రంథికి సరిగ్గా పైన కలుసుకుంటాయి.” పూసని కింద నుంచి వేలితో పైకి నెట్టింది. దారాలు కలిసినచోట ఉబ్బింది. “గడ్డ పెరిగి ఇట్లా నొక్కితే ముందు పక్కచూపు పోతుంది. ఎంత పోయిందో ఇప్పుడే చూద్దాం. అవ్వా, మంచి ఎర్రగాజు ఒకటి ఇవ్వు.”

ఎదురెదురుగా కూర్చున్నారు. సుందరవల్లి ఒక కన్ను మూసుకుని డాక్టరమ్మ ముక్కు వైపే చూడాలి. డాక్టరమ్మ గాజుని చెవి పక్క నుంచి మెల్లగా ముందుకి తెస్తుంది. ఎర్రగా కనిపించగానే చెప్పాలి. గాజు కదిలింది. చెవి దాటింది, చెంప దగ్గరికి వచ్చింది. సుందరవల్లి చెప్పలేదు. ఇంకా ముందుకి వచ్చింది.

“ఆడనే ఉండాది కదా తల్లీ,” అని కుప్పమ్మ ఉండబట్టలేక అంది.

“లేదు... ఆఁ, ఇప్పుడు వచ్చింది. ఎర్రగా ఉంది.”

గాజు అప్పటికి దాదాపు ఎదురుగా వచ్చేసింది. రెండో కన్నూ అంతే. సంపత్కుమార్ వెనక్కి తిరిగి నిలబడ్డాడు. భార్య ఇన్నాళ్ళూ గుమ్మాలకి భుజం తగిలించుకుంటుంటే తొందరపాటు అనుకున్నాడు.

“ఆరునెలలు ఆగమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను,” అంది వకుళాదేవి. “ఇట్లాగే వదిలేస్తే చూపంతా పోవచ్చు. ఇప్పుడే గడ్డ తీసేస్తే నొక్కుడు పోయి చూపు చాలావరకు తిరిగి వస్తుంది. మా మద్రాసు గురువుగారు ఇప్పుడు వేలూరులో ఉన్నారు. తల కొయ్యరు. పైపెదవి కింద నుంచి, ముక్కు లోపలి దారిన వెళ్ళి, భూతద్దంలో చూస్తూ ఆ గడ్డని తీస్తారు. నేను పక్కన నిలబడి చూసినాను. కాస్త మిగిలితే దాన్ని కిరణాలతో మాడ్చడానికి కరెంటు పెడతారు. ఆయన ఒక్క సంగతి తప్పకుండా అడుగుతారు. ఎప్పటి నుంచి పెరుగుతోంది, ఏ ఏడు ఎంత పెరిగింది?”

అందరూ కుప్పమ్మ వైపు చూశారు.

కుప్పమ్మకి చదువు రాదు. లేచి గోడ మీది గాజుల్లో వెతకడం మొదలుపెట్టింది. “మొదటి తూరి వచ్చినప్పుడు చిలకపచ్చ అడిగినావు, రెండు నాలుగు. మరుసటేడు కూడా అదే సైజు, వంగపండు రంగు. మూడో ఏడు కూడా తిప్పలు పడి అదే ఎక్కించినా. పెద్దవాన పడి అంగట్లోకి నీళ్ళొచ్చినేడు రెండు ఆరుకు మార్చినాను, నీలం...” ఒక్కో ఏడాదికి ఒక్కో గాజు, ఆ ఏటి రంగులో, ఆ ఏటి సైజులో తీసి పసుపుదారానికి ఎక్కించింది. తొమ్మిది గాజులు. చిన్నదానితో మొదలై, చివరి రెండూ రెండు పది. వకుళాదేవి దాన్ని ఎత్తి వెలుతురులో పట్టుకుంది. ఆమె చూసిన కేసుకాగితాల్లో ఇంత అందమైనది ఇంకొకటి లేదు.

డాక్టరమ్మ పోస్టాఫీసుకి వెళ్ళి వేలూరుకి అర్జెంటు కాల్ బుక్ చేసి, గంట తర్వాత నవ్వుతూ తిరిగి వచ్చింది. “సోమవారం పొద్దున రమ్మన్నారు. బెడ్ ఉంది. ఆ గాజుల దండ మరిచిపోకుండా తెమ్మన్నారు.” అడ్రసు, ఫోను నంబరు చీటీ మీద రాసిచ్చి, బయల్దేరబోతూ ఆగింది. “ఒక్కమాట. ఈలోగా తలనొప్పి ఒక్కసారిగా ఎక్కువైనా, చూపు ఏమాత్రం తగ్గినా, సోమవారం దాకా ఆగొద్దు. ఆ క్షణాన్నే బయల్దేరండి. ఇప్పుడేమీ లేదు కదా?”

“లేదు,” అంది సుందరవల్లి. పొద్దున బడి నుంచీ నుదురు పోటు పెడుతూనే ఉంది. ఎండకి అనుకుంది. ఇంత మంచి మాటలు విన్నాక దాన్నెందుకు కదిలించడం అనుకుంది.

డాక్టరమ్మ వెళ్ళిపోయాక కుప్పమ్మ ఒక జత తీసి గుడ్డలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టింది. “ఇవి రెండు ఎనిమిది. డాక్టరమ్మను అడిగినాను. పెరిగిన ఎముక తగ్గదంట గానీ, వాపు దిగతాదంట. ఒక సైజన్నా దిగినాక నువ్వే వచ్చి తొడిగించుకోవాల. అందాకా ఎవురికీ అమ్మను.”

సుందరవల్లి బల్ల మీద మిగిలిన తన గాజుని ఆమె చేతికిచ్చి, చెయ్యి చాపింది.

“ఇది తొడుగు. ఈసారి సైజు చెప్పి తొడుగు.”

కుప్పమ్మ ఆమె బొటనవేలిని లోపలికి మడిచి పట్టుకుంది. ఒక్క క్షణం తటపటాయించి, “రెండు పది,” అంది పైకి.

చెయ్యి బిగుసుకోలేదు. గాజు సులువుగా ఎక్కింది.

* * *

తిరుపతి బస్టాండులో దిగేసరికి పొద్దు గుంకుతోంది. సంపత్కుమార్ ఇన్నేళ్ళ మౌనానికి వడ్డీ చెల్లిస్తున్నట్టు ఆపకుండా మాట్లాడుతున్నాడు. ఆదివారం సర్దుకోవాలి, హెడ్‌మిస్ట్రెస్‌కి లీవు చీటీ పంపాలి, ఇంటికి వెళ్ళగానే ఆ అద్దాన్ని ముందుకి తిప్పాలి. సుందరవల్లి ఊఁ కొడుతోంది. దారిలోనే నొప్పి నుదుటి నుంచి కళ్ళ వెనక్కి దిగింది. రెండు కణతల్నీ ఎవరో లోపలి నుంచి తోస్తున్నట్టుంది. చేతిలో గాజుల దండని గట్టిగా పట్టుకుంది.

“బస్టాండులో ఇంకా లైట్లు వెయ్యలేదేమండీ?” అంది.

సంపత్కుమార్ మాట ఆపేశాడు. తలెత్తి చూశాడు. వరసగా అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. పండ్లబండ్ల మీద పెట్రోమాక్సులు కూడా వెలిగించేశారు.

“వల్లీ,” అన్నాడు. ఆమెకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “నేను కనిపిస్తా ఉండానా?”

కనిపిస్తున్నారు అనే మాట ఆమె నాలుక చివరికి వచ్చేసింది. నాలుగేళ్ళుగా అలవాటైన దాపరికం అది. అంటే ఆయన ముఖం తేటపడుతుంది, ఇద్దరూ ఇంటికి వెళ్ళి అన్నం తింటారు. ఆమె చేతిలో తొమ్మిది గాజులు గలగలమన్నాయి.

“లేదండీ,” అంది సుందరవల్లి. “ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడికంట్లో మీ చొక్కా గుండీలు మాత్రం కనిపిస్తున్నాయి. తలనొప్పి పొద్దున్నుంచే ఉండాది, డాక్టరమ్మకి చెప్పలేదు. తప్పు నాదే. సోమవారం దాకా ఆగొద్దు, ఇప్పుడే పోదాం.”

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బస్టాండు చివర కండక్టరు, “చిత్తూరు, వేలూరు, వేలూరు” అని అరిచి ఆఖరి విజిల్ వేశాడు. బస్సు అప్పటికే కదులుతోంది.